రిలే తీసి ట్రాన్సిస్టర్ పెట్టినప్పుడు ఏమేమి పోతాయి

చీకటి పడితే వెలిగి, తెల్లవారితే ఆరిపోయే దీపాన్ని ఎలక్ట్రానిక్స్ మీద మక్కువ ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు తయారుచేసే ఉంటారు. మా వరండాలో ఉన్నదీ అలాంటిదే. ఒక ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్), ఒక ప్రీసెట్ (తిప్పి సరిచేసుకునే రెసిస్టర్), ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, నీలం రంగు డబ్బాలో వచ్చే 12 వోల్టుల రిలే (కాయిల్ అనే తీగచుట్టలో కరెంటు పారితే అయస్కాంత బలంతో కాంటాక్టులు కలిసే స్విచ్), దాని కాయిల్‌కు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్: సర్క్యూట్ మొత్తం ఇంతే. సోలార్ ప్యానెల్‌తో చార్జ్ అయ్యే 12 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు మీటర్ల ఎల్ఈడీ స్ట్రిప్‌కు రిలే కాంటాక్టుల గుండా కరెంటు వెళుతుంది. మీటరుకు 60 ఎల్ఈడీలు ఉండే మామూలు రకం స్ట్రిప్ కాబట్టి మీటరుకు 4.8 వాట్లు, మొత్తం 9.6 వాట్లు, అంటే 0.8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఈ మధ్య ఇందులోంచి రిలేను తొలగించి ఆ పనిని ట్రాన్సిస్టర్లకు అప్పగించాను. చూడటానికి ఒక భాగాన్ని ఊడదీసి మరొకదాన్ని అతికించడమే అనిపించే ఈ మార్పు నిజానికి అంత సూటిగా సాగదు. రిలే అనేది కేవలం ఒక స్విచ్ అనుకుంటాం గానీ, అది మనం అడగకుండానే మరికొన్ని పనులు కూడా చేసిపెడుతూ ఉంటుంది. దాన్ని తీసేసిన రోజున, ఆ పనుల్లో మన సర్క్యూట్‌కు ఏవి కావాలో, ఏవి అక్కరలేదో విడివిడిగా తేల్చుకోవలసి వస్తుంది.

ముందుగా ఒక మాట చెప్పాలి. రిలే పాతకాలపు వస్తువు కాబట్టి దాన్ని తీసేయాలన్న వాదన నాకు నచ్చదు. బజారులో దొరికే చిన్న రిలేల డేటాషీట్లు చూస్తే, లోడు లేకుండా కదిలితే కోటి సార్లు, పూర్తి లోడుతో లక్ష సార్లు పనిచేస్తాయని రాసి ఉంటుంది. రోజుకు ఒకసారి వెలిగి ఒకసారి ఆరే దీపానికి లక్ష సార్లంటే 270 ఏళ్ళు దాటుతుంది. ఆ లెక్కన మా రిలే నాకంటే ఎక్కువ కాలమే బతకాలి. సమస్య అంతా సంధ్యవేళలో ఉంది. వెలుతురు నెమ్మదిగా తగ్గుతూ దీపం వెలగవలసిన హద్దుకు చేరిన ఆ కొద్ది నిమిషాల్లో రిలే ఒకసారి పడి (అంటే కాంటాక్టులు కలిసి) ఊరుకోకుండా టకటకమని కొట్టుకుంటుంది. సెకనుకు పది సార్ల చొప్పున కొట్టుకుంటే లక్ష సార్లు పూర్తి కావడానికి మూడు గంటలు కూడా పట్టదు. రోజూ సాయంత్రం కొన్ని నిమిషాల పాటు ఇలా జరిగితే 270 ఏళ్ళ ఆయుష్షు ఒక్క వేసవిలోనే కరిగిపోతుంది. పైగా ఇది డీసీ. ఏసీలో కరెంటు ప్రతి అర ఆవృతికి ఒకసారి సున్నాకు వస్తుంది కనుక కాంటాక్టుల మధ్య పుట్టిన నిప్పురవ్వ తనంతట తాను ఆరుతుంది. డీసీలో ఆ సౌకర్యం లేదు. ఒకే రిలే మీద ఏసీకి 250 వోల్టులని, డీసీకి 30 వోల్టులని వేరువేరుగా ముద్రించి ఉండటానికి కారణం అదే.

ఇలా కొట్టుకోవడానికి మూలం సాధారణంగా రిలేలో ఉండదు. దీపం వెలిగినప్పుడు ఆ వెలుగు గోడ మీద పడి ఎల్‌డీఆర్‌కు చేరితే సర్క్యూట్ తెల్లవారిందనుకుని దీపాన్ని ఆర్పేస్తుంది, ఆరగానే చీకటైందనుకుని మళ్ళీ వెలిగిస్తుంది. వీధిలో ఆటో మలుపు తిరిగినప్పుడు హెడ్‌లైటు వెలుగు పడినా ఇదే తంతు. బ్యాటరీ నీరసంగా ఉంటే, దీపం వెలిగిన క్షణంలో వోల్టేజీ కాస్త కుంగి కాయిల్ పట్టు సడలడం మూడో కారణం. వీటిలో మొదటి రెండింటికి రిలేను మార్చడం మందు కాదు. ఎల్‌డీఆర్‌ను నల్లటి పైపు ముక్కలో పెట్టి ఆకాశం వైపు తిప్పడమే మందు. ఆ పని ముందే చేశాను. అయినా రిలేను తీయాలనుకున్నది రెండు కారణాల వల్ల. పడకగది కిటికీ పక్కనే వినిపించే ఆ టక్కుమనే శబ్దం ఒకటి. అర్ధరాత్రి తరవాత దీపాన్ని సగానికి తగ్గించాలన్న కోరిక రెండోది. రిలేతో వెలిగించడం, ఆర్పడం తప్ప తగ్గించడం కుదరదు.

ఇక దేనితో మార్చాలన్నది ప్రశ్న. బీసీ547 గరిష్ఠంగా 100 మిల్లీ ఆంపియర్లు మాత్రమే మోయగలదు కాబట్టి 0.8 ఆంపియర్లకు అది చాలదు. చాలామంది డబ్బాల్లో పడి ఉండే టిప్122 డార్లింగ్టన్ ట్రాన్సిస్టర్ (ఒకే డబ్బాలో జతగా ఉన్న రెండు ట్రాన్సిస్టర్లు) 5 ఆంపియర్లు మోస్తుంది, బేస్‌కు, అంటే దాన్ని ఆన్ చేసే కాలుకు, ఒక మిల్లీ ఆంపియర్ ఇచ్చినా తృప్తిపడుతుంది. కాగితం మీద ఇది సరిగ్గా సరిపోతుంది. కానీ డార్లింగ్టన్ పూర్తిగా ఆన్ అయినప్పుడు కూడా లోడు కరెంటు పారే రెండు కాళ్ళకు, అంటే కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ మధ్య దాదాపు ఒక వోల్టు మిగిలే ఉంటుంది. ఒక వోల్టు పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది గానీ, స్ట్రిప్ లోపల ఏముందో చూస్తే సంగతి అర్థమవుతుంది. తెల్లటి వెలుగిచ్చే 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్ఈడీలు, ఒక 150 ఓముల రెసిస్టర్ వరుసగా ఉంటాయి. మూడు ఎల్ఈడీలు కలిసి సుమారు 9 వోల్టులు తినేస్తే రెసిస్టర్‌కు మిగిలేది 3 వోల్టులు, అంటే 20 మిల్లీ ఆంపియర్లు. మన ట్రాన్సిస్టర్ తినే ఒక వోల్టు ఆ 12లోంచి పోయినట్టు కనిపించినా, నిజానికి ఆ చివరి మూడింటిలోంచే పోతుంది. వెలుగులో దాదాపు మూడో వంతు పోతుంది. ఎల్ఈడీ స్ట్రిప్‌కు టిప్122 వాడి, ఎందుకు మసగ్గా ఉందో తెలియక అడాప్టర్‌ను అనుమానించేవాళ్ళను చూశాను.

అందువల్ల మాస్‌ఫెట్ (గేట్ అనే కాలి మీది వోల్టేజీతో, డ్రెయిన్, సోర్స్ అనే మిగతా రెండు కాళ్ళ మధ్య కరెంటును నియంత్రించే ట్రాన్సిస్టర్) వైపు వెళ్ళడమే సబబు. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ పూర్తిగా ఆన్ అయినప్పుడు దాని నిరోధం 17.5 మిల్లీ ఓములు మించదని డేటాషీటు చెబుతుంది. 0.8 ఆంపియర్లకు అది తినే వోల్టేజీ 14 మిల్లీ వోల్టులు, అందులో పుట్టే వేడి 11 మిల్లీ వాట్లు. కొత్త రిలే కాంటాక్టులకే 100 మిల్లీ ఓముల దాకా నిరోధం ఉండవచ్చని రిలే తయారీదారులు రాస్తారు. అంటే లోహానికి లోహం తగిలే కాంటాక్టు కంటే ఈ సిలికాన్ ముక్కే మెరుగైన తీగ అన్నమాట. మల్టీమీటర్‌ను మిల్లీ వోల్టుల మీద పెట్టి డ్రెయిన్‌కూ సోర్స్‌కూ మధ్య కొలిస్తే ఈ సంఖ్య కళ్ళకు కనిపిస్తుంది. కొన్నది అసలు మాస్‌ఫెట్టా, పైన పేరు చెరిపి మళ్ళీ అచ్చు వేసిన నకిలీయా అన్నది తేల్చుకోవడానికి కూడా ఇదే అన్నిటికన్నా సులువైన పరీక్ష. గేట్‌కు 10 వోల్టులకు తగ్గకుండా ఇచ్చి చూసినా వందల మిల్లీ వోల్టులు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ఇక్కడ కొనుగోలు గురించి ఒక జాగ్రత్త. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ అడిగితే ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ చేతిలో పెట్టి, రెండూ ఒకటేనని చెప్పే దుకాణదారులు ఉంటారు. రెండూ ఒకటి కావు. మధ్యలో ఎల్ ఉన్నది లాజిక్ లెవెల్ రకం. గేట్‌కు 5 వోల్టులు ఇస్తే చాలు, నిండుగా ఆన్ అవుతుంది. ఎఫ్ ఉన్నదానికి 10 వోల్టులు కావాలి. ఆర్డుయినో వంటి బోర్డు నుంచి నేరుగా నడిపేవారికి ఎల్ రకమే కావాలి. కానీ గేట్‌కు 12 వోల్టులు అందుబాటులో ఉన్న మన సర్క్యూట్‌కు ఎఫ్ రకమే మేలు, కేవలం సరిపోవడం కాదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

పాత సర్క్యూట్‌లో ప్రీసెట్ పైన 12 వోల్టుల వైపు, ఎల్‌డీఆర్ కింద నేల (బ్యాటరీ మైనస్) వైపు ఉండి, వాటి నడిమి బిందువు బీసీ547 బేస్‌కు వెళుతుంది. చీకటి పడితే ఎల్‌డీఆర్ నిరోధం పెరుగుతుంది, బేస్ పైకి లేస్తుంది, ట్రాన్సిస్టర్ ఆన్ అవుతుంది, రిలే పడుతుంది. రిలే కాయిల్ ఉన్న చోట 10 కిలో ఓముల రెసిస్టర్ పెట్టి, కలెక్టర్‌ను మాస్‌ఫెట్ గేట్‌కు కలిపితే పని అయిపోతుందని మొదట తోస్తుంది. అలా చేస్తే దీపం పగలంతా వెలిగి రాత్రి ఆరిపోతుంది. ట్రాన్సిస్టర్ ఆన్ అయితే కాయిల్‌లో కరెంటు పారుతుంది నిజమే, కానీ అదే ట్రాన్సిస్టర్ ఆన్ అయితే కలెక్టర్ వోల్టేజీ నేలకు దిగిపోయి గేట్ ఆఫ్ అవుతుంది. రిలే కరెంటును చూస్తుంది, మాస్‌ఫెట్ వోల్టేజీని చూస్తుంది. ఎల్‌డీఆర్‌నూ ప్రీసెట్‌నూ తారుమారు చేస్తే ఈ తిరకాసు తీరిపోతుంది గానీ, అసలు చిక్కు తీరదు.

అసలు చిక్కు ఏమిటంటే, రిలేకు మధ్యస్థ స్థితి లేదు. కాయిల్‌లో కరెంటు నెమ్మదిగా పెరుగుతూ వచ్చినా ఆర్మేచర్ (కాంటాక్టులను కదిలించే ఇనుప రేకు) నెమ్మదిగా కదలదు. కొంత దూరం కదలగానే దానికీ ఇనుప కోర్‌కూ మధ్య గాలి సందు తగ్గుతుంది, సందు తగ్గితే ఆకర్షణ పెరుగుతుంది, ఆకర్షణ పెరిగితే సందు ఇంకా తగ్గుతుంది. అలా మిగతా దూరాన్ని ఒక్క ఉదుటున పూర్తిచేస్తుంది. ఒకసారి అతుక్కున్నాక పట్టి ఉంచడానికి మొదట్లో అవసరమైనంత కరెంటు అక్కరలేదు. అందుకే 12 వోల్టుల రిలే పడటానికి 9 వోల్టుల దాకా కావలసి వస్తే, విడిచిపెట్టాలంటే అంతకంటే చాలా కిందికి దిగాలి. 1.2 వోల్టులకు దిగితే తప్పకుండా విడిచిపెడుతుందని మాత్రమే తయారీదారు హామీ ఇస్తాడు. పడే వోల్టేజీకీ విడిచే వోల్టేజీకీ నడుమ ఉన్న ఈ ఎడాన్నే హిస్టరిసిస్ అంటారు. సంధ్యవేళ చిన్న మబ్బు కదిలినా, పక్కింటి బాల్కనీలో లైటు వేసినా దీపం ఆరిపోకుండా నిలవడానికి ఆ ఎడమే కారణం. రిలే కొట్టుకుంటోందని దాన్ని తిట్టుకుంటాం గానీ, అది లేకపోతే ఇంకా ఎంత ఎక్కువగా ఊగిసలాడేదో ఆలోచించం.

మాస్‌ఫెట్‌కు ఇలాంటి పట్టింపు ఏదీ లేదు. గేట్ వోల్టేజీ నెమ్మదిగా పెరిగితే అది నెమ్మదిగానే ఆన్ అవుతుంది, సగం పెంచి వదిలేస్తే సగంలోనే ఉండిపోతుంది. సంధ్యవేళ పావుగంట పాటు దీపం మిణుకుమంటూ కొంచెం కొంచెంగా వెలగడం అందంగానే ఉంటుంది, కానీ ఆ పావుగంటా మాస్‌ఫెట్ వేడెక్కుతుంది. 9.6 వాట్ల లోడు మామూలు రెసిస్టర్ వంటిదైతే, సరిగ్గా సగం వోల్టేజీ దగ్గర మాస్‌ఫెట్ మీద 6 వోల్టులు, అందులో 0.4 ఆంపియర్లు ఉంటాయి, అంటే 2.4 వాట్లు. హీట్‌సింక్ లేని ఆ మూడు కాళ్ళ డబ్బాలో ప్రతి వాటుకూ ఉష్ణోగ్రత సుమారు 62 డిగ్రీలు పెరుగుతుంది. 2.4 వాట్లకు దాదాపు 149 డిగ్రీలు. వేసవి సాయంత్రం బయట 38 డిగ్రీలున్నప్పుడు లోపలి సిలికాన్ 187కు చేరుతుంది, దాని హద్దు 175. పూర్తి వెలుగులో చల్లగా ఉండే భాగం సగం వెలుగులో మాడిపోతుందన్నమాట. ఎల్ఈడీ స్ట్రిప్ విషయంలో మాత్రం అదృష్టం మన పక్షాన ఉంది. 9 వోల్టులకు దిగువన అది కరెంటే తీసుకోదు కాబట్టి, గరిష్ఠ వేడి స్ట్రిప్ మీద 10.5 వోల్టులున్నప్పుడు వస్తుంది. అప్పుడు మాస్‌ఫెట్ మీద 1.5 వోల్టులు, అందులో 0.4 ఆంపియర్లు, అంటే 0.6 వాట్లు. చేతికి వేడి తెలుస్తుంది గానీ కాలిపోదు. అయినా అదే బోర్డుకు రేపు ఎవరైనా స్ట్రిప్ బదులు ఫిలమెంటు బల్బు తగిలిస్తే పరిస్థితి వేరు కాబట్టి, దీన్ని అదృష్టానికి వదిలేయడం నాకు ఇష్టం లేకపోయింది. పాత సర్క్యూట్‌లో బీసీ547 కూడా ఇలాగే సగంలో నిలిచేది, కానీ 400 ఓముల కాయిల్‌తో దానిలో పుట్టే వేడి 90 మిల్లీ వాట్లకు మించేది కాదు. భారమైన లోడు సంగతి రిలే చూసుకునేది.

కాబట్టి గాలి సందు చేసిన పనిని ట్రాన్సిస్టర్లతో చేయించాలి. దీనికి మార్గం చాలా పాతదే. ఆటో ష్మిట్ అనే అమెరికా శాస్త్రవేత్త 1934లో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే, వాక్యూమ్ ట్యూబులతో దీన్ని రూపొందించాడు. ఈనాటికీ దాన్ని ష్మిట్ ట్రిగ్గర్ అనే పిలుస్తారు. రెండు బీసీ547లు తీసుకుని, రెండింటి ఎమిటర్లనూ ఒకే 680 ఓముల రెసిస్టర్ గుండా నేలకు కలపాలి. మొదటిదాని కలెక్టర్‌కు 22 కిలో ఓములు, రెండోదాని కలెక్టర్‌కు 10 కిలో ఓములు 12 వోల్టుల నుంచి ఇవ్వాలి. మొదటి కలెక్టర్ నేరుగా రెండో బేస్‌కు వెళుతుంది. రెండో కలెక్టర్ మాస్‌ఫెట్ గేట్‌కు వెళుతుంది. ఎల్‌డీఆర్, ప్రీసెట్ పాత పద్ధతిలోనే మొదటి బేస్ దగ్గర ఉంటాయి. రెండు ట్రాన్సిస్టర్లూ సంకేతాన్ని చెరొకసారి తిరగేయడం వల్ల ఇందాకటి పగలు-రాత్రి తిరకాసు కూడా దానంతట అదే సర్దుకుంటుంది. మాస్‌ఫెట్ సోర్స్ నేలకు, డ్రెయిన్ స్ట్రిప్ మైనస్ తీగకు, స్ట్రిప్ ప్లస్ తీగ బ్యాటరీకి.

పగటి పూట మొదటి ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో, రెండోది ఆన్‌లో ఉంటాయి. రెండోదాని గుండా పారే ఒకటిన్నర మిల్లీ ఆంపియర్ల వల్ల ఉమ్మడి ఎమిటర్ బిందువు సుమారు 1.05 వోల్టుల ఎత్తున నిలుస్తుంది. మొదటి ట్రాన్సిస్టర్ ఆన్ కావాలంటే దాని బేస్ అంతకంటే 0.65 వోల్టులు పైకి, అంటే 1.7 వోల్టులకు చేరాలి. ప్రీసెట్ వైపు మొత్తం 47 కిలో ఓములు ఉంటే, ఎల్‌డీఆర్ 8 కిలో ఓములకు కాస్త దిగువన ఉండగా ఇది జరుగుతుంది. మొదటిది కొద్దిగా కరెంటు తీసుకోవడం మొదలుపెట్టగానే రెండోదాని బేస్ కిందికి జారుతుంది, దాని కరెంటు తగ్గుతుంది, ఉమ్మడి ఎమిటర్ బిందువు కూడా దిగుతుంది, అది దిగితే మొదటిదాని బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య వోల్టేజీ మరింత పెరుగుతుంది. ఆర్మేచర్, గాలి సందు కథ ఇక్కడ అక్షరాలా మళ్ళీ జరుగుతుంది. అంతా మైక్రోసెకన్లలో ముగిసి గేట్ 12 వోల్టులకు లేస్తుంది. తిరిగి ఆరాలంటే బేస్ 1.7కు దిగడం చాలదు, ఒక వోల్టు దాకా దిగాలి. అంటే ఎల్‌డీఆర్ 4.3 కిలో ఓములకు రావాలి. 7.8 దగ్గర వెలిగి 4.3 దగ్గర ఆరే ఈ ఎడం మా వరండాకు చక్కగా సరిపోయింది. ఎడం ఇంకా పెంచాలంటే 22 కిలో ఓములను పెంచవచ్చు. 680 ఓములను పెంచితే మాత్రం ఇంకో ఇబ్బంది వస్తుంది.

ఆ ఇబ్బందే ఇందాక వాయిదా వేసిన ఎల్, ఎఫ్ సంగతి. పగలు రెండో ట్రాన్సిస్టర్ నిండుగా ఆన్‌లో ఉన్నా దాని కలెక్టర్ సున్నాకు దిగదు, ఎమిటరే 1.05 వోల్టుల ఎత్తున కూర్చుని ఉంది కాబట్టి గేట్ మీద 1.15 వోల్టులు మిగులుతాయి. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ ఆన్ కావడం మొదలుపెట్టే గేట్ వోల్టేజీ 2 నుంచి 4 వోల్టుల మధ్య ఉంటుంది కనుక దానికి ఇది లెక్కలోకి రాదు. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్‌కు అదే 1 నుంచి 2 వోల్టులు. సున్నితమైన ముక్క ఒకటి తగిలిందంటే పట్టపగలు కూడా స్ట్రిప్ సన్నగా మిణుకుతుంది, బ్యాటరీ ఊరికే తరుగుతుంది. ధర ఎక్కువ పెట్టి కొన్న మెరుగైన రకమే ఇక్కడ పనికిరాదు.

బోర్డు మీద సోల్డరింగ్ పూర్తయ్యాక ఎల్‌డీఆర్ బదులు ఒక 10 కిలో ఓముల పొటెన్షియోమీటర్ తాత్కాలికంగా తగిలించి, గేట్ మీద మల్టీమీటర్ పెట్టి నెమ్మదిగా తిప్పి చూడటం మంచిది. సాయంత్రం కోసం ఎదురుచూడనక్కర లేదు. సరిగ్గా ఉంటే మీటరు 1.1 దగ్గర కదలకుండా ఉండి, ఒక చోట ఒక్కసారిగా 12కు దూకుతుంది. వెనక్కి తిప్పితే అదే చోట కాకుండా ఇంకా చాలా ముందుకు వెళ్ళాక పడుతుంది. మధ్యలో ఎక్కడైనా 4, 5 వోల్టుల దగ్గర నిలిచిందంటే ఎమిటర్ల కలయికలో ఎక్కడో టంకం అంటలేదని అర్థం.

రిలే పోవడంతో కాయిల్ పక్కనున్న డయోడ్‌కు కూడా పని లేకుండా పోయింది. కాయిల్‌లో కరెంటు ఆగినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీ, 45 వోల్టులకు మించి ఓర్వలేని బీసీ547ను చంపకుండా అది కాపాడేది. స్ట్రిప్‌కు కాయిల్ లేదు కాబట్టి దాని అవసరం తీరిపోయింది. ఇదే బోర్డుతో ఫ్యాన్ మోటారు నడిపించాలనుకుంటే ఆ డయోడ్‌ను లోడుకు అడ్డంగా మళ్ళీ పెట్టాల్సిందే. దాని బదులు కొత్తగా చేరినది గేట్‌కూ నేలకూ మధ్య ఒక 15 వోల్టుల జెనర్ (వోల్టేజీ ఆ హద్దు దాటకుండా ఆపే డయోడ్), 1ఎన్4744. మాస్‌ఫెట్ గేట్ 20 వోల్టులకు మించి ఓర్వదు. 12 వోల్టుల ప్యానెల్ అని అమ్మేదాని తీగలకు ఏమీ తగిలించకుండా ఎండలో కొలిస్తే 21, 22 వోల్టులు చూపిస్తుంది. బ్యాటరీ టెర్మినల్ వదులై, మధ్యలో చవకరకం చార్జ్ కంట్రోలర్ ఉంటే ఆ వోల్టేజీ అంతా సర్క్యూట్ మీదికి వచ్చే అవకాశం ఉంది. రిలే అయితే కాయిల్ కాస్త వేడెక్కి ఊరుకునేది. గేట్ లోపలి పలుచని ఆక్సైడ్ పొర మాత్రం ఒక్కసారి చిల్లు పడితే మళ్ళీ అతకదు. అలాగే బ్యాటరీ ప్లస్ దగ్గర 2 ఆంపియర్ల ఫ్యూజు. రిలే కాంటాక్టులు అతుక్కుపోయినా, మాస్‌ఫెట్ చెడిపోయినా, మామూలుగా రెండూ ఆన్ స్థితిలోనే చెడిపోతాయి.

మా సర్క్యూట్‌కు అక్కరలేకపోయినా రిలే చేసే పనులు ఇంకా ఉన్నాయి. వాటిని గమనించకుండా ఈ మార్పును వేరే సర్క్యూట్‌లోకి తీసుకెళ్తే చిక్కులు వస్తాయి. రిలే కాంటాక్టులకు ప్లస్, మైనస్ తేడా లేదు, ఏసీ అయినా డీసీ అయినా ఒకటే. మాస్‌ఫెట్ లోపల పుట్టుకతోనే ఒక డయోడ్ ఉంటుంది కాబట్టి ఎదురు దిశలో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉన్నట్టు. కారు, బైకు లాంటి చోట్ల మైనస్ అంతా బాడీకే కలిసి ఉంటుంది గనుక నేల వైపు స్విచ్ చేయడం కుదరదు, ఐఆర్ఎఫ్9540ఎన్ వంటి పీ చానెల్ రకంతో ప్లస్ వైపు చేయాలి. ఎమర్జెన్సీ లైటులో కరెంటు పోగానే వెలిగేది రిలే విశ్రాంతిలో ఉన్నప్పుడు కలిసి ఉండే కాంటాక్టు వల్ల. మామూలు మాస్‌ఫెట్‌కు విశ్రాంతిలో కలిసి ఉండటం తెలియదు.

అన్నిటికంటే పెద్దది, కాయిల్‌కూ కాంటాక్టులకూ మధ్య విద్యుత్ సంబంధమే లేకపోవడం. 230 వోల్టుల ఏసీని స్విచ్ చేసే రిలేను తీసి ఇలాంటి సర్క్యూట్ పెట్టాలని ఎవరూ అనుకోకూడదు. అక్కడ వాడవలసినది ఎంఓసీ3041 వంటి ఆప్టో కప్లర్ (సంకేతాన్ని వెలుగు రూపంలోనే దాటించే భాగం), దాని వెనక బీటీ136 వంటి ట్రయాక్ (ఏసీని స్విచ్ చేసే సెమీకండక్టర్). ఆ సర్క్యూట్ లక్షణాలే వేరు. ఆఫ్‌లో ఉన్నా ట్రయాక్ గుండా, దానికి అడ్డంగా పెట్టే స్నబ్బర్ (వోల్టేజీ కుదుపులను అణచే రెసిస్టర్, కెపాసిటర్ జత) గుండా కొద్దిగా కరెంటు కారుతూనే ఉంటుంది, తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బు దానికే మిణుకుమంటుంది. ఇక పొలాల్లో మోటార్ల స్టార్టర్లలో ఉండే కాంటాక్టర్ల (పెద్ద రిలేల) జోలికి అభిరుచితో వెళ్ళకపోవడమే క్షేమం. స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు లాగే కరెంటు నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఉంటుంది, మరమ్మతు చేసేవాడికి తీగ తెగి ఉందో లేదో కంటికి కనిపించడం కూడా అక్కడ అవసరమే.

రైల్వే సిగ్నళ్ళలో రిలే ఇంతకాలం నిలవడానికి కారణం కూడా ఈ కోవలోదే. సికింద్రాబాద్‌లో 1957 నుంచి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణనిస్తున్న ఇరిసెట్ సంస్థలో ఇప్పటికీ రిలే ఇంటర్‌లాకింగ్ (పరస్పర విరుద్ధమైన సిగ్నళ్ళు ఒకేసారి పడకుండా రిలేలతో అడ్డుకునే ఏర్పాటు) పాఠ్యాంశమే. సిగ్నల్ రిలేలో వెండికి వెండి తగలకుండా, వెండి కలిపిన గ్రాఫైట్‌ను ఒక వైపు వాడతారు, అది అతుక్కుపోదు. కరెంటు పోయినా తీగ తెగినా రిలే పట్టు విడిచేస్తుంది, విడిస్తే సిగ్నల్ ఎరుపుకు వస్తుంది. ఏ వైపుకు చెడిపోతుందో ముందే చెప్పగల లక్షణం ఒంటరి ట్రాన్సిస్టర్‌కు లేదు. అందుకే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌లో ఒకే పనిని ఒకటికి మించిన ప్రాసెసర్ల చేత చేయించి, ఫలితాలు సరిపోల్చి గానీ ముందుకు వెళ్ళరు.

వరండా దీపానికి అంత పట్టింపు లేదు గనుక తిరిగి దాని దగ్గరికే వద్దాం. రిలే కాయిల్ రాత్రి పన్నెండు గంటల పాటు 30 మిల్లీ ఆంపియర్లు తీసుకునేది, అంటే 360 మిల్లీ ఆంపియర్ అవర్లు. కొత్త సర్క్యూట్ రాత్రి 0.75, పగలు 1.8 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. రెండో ట్రాన్సిస్టర్ పనిచేసేది పగలే కాబట్టి పగటి ఖర్చే ఎక్కువ, ఇది కాస్త విచిత్రంగా కనిపిస్తుంది. మొత్తం కలిపినా రోజుకు 31 మిల్లీ ఆంపియర్ అవర్లు దాటదు. రాత్రికి 9.6 ఆంపియర్ అవర్లు మింగే స్ట్రిప్ పక్కన ఈ ఆదా గొప్పదేమీ కాదు, దీనికోసమే మార్చానని చెబితే అతిశయోక్తి అవుతుంది. అసలు లాభం స్ట్రిప్ వాడకాన్నే తగ్గించగలగడంలో ఉంది. ఒక 555 టైమర్ ఐసీతో 200 హెర్ట్జ్ దగ్గర పల్సులు తయారుచేసి, దాని అవుట్‌పుట్‌ను మూడో బీసీ547 ద్వారా గేట్‌ను నేలకు లాగేలా కలిపితే, సగం సమయం ఆఫ్‌లో ఉండి వెలుగు సగానికి, రాత్రి రెండో భాగపు ఖర్చు కూడా సగానికి తగ్గుతాయి. అర్ధరాత్రిని గుర్తించడానికి దీపం వెలిగిన ఆరు గంటలకు ఒక సంకేతం ఇచ్చేలా సీడీ4060 కౌంటర్‌ను అమర్చాను, ఆ సంకేతం వచ్చాకే 555 పని మొదలుపెడుతుంది.

ఇక్కడ గేట్‌కు పెట్టిన 10 కిలో ఓములు ఒక పరిమితి విధిస్తాయి. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ గేట్ నిండటానికి 63 నానో కూలుంబుల దాకా కావాలి. 10 కిలో ఓముల గుండా సుమారు ఒక మిల్లీ ఆంపియరే వస్తుంది కాబట్టి ఆన్ కావడానికి 60 మైక్రోసెకన్లు పడుతుంది. 200 హెర్ట్జ్‌లో ఒక ఆవృతి 5 మిల్లీ సెకన్లు కనుక ఇది ఏ మూలకూ రాదు. కానీ ఫోన్ కెమెరాలో దీపం చారలు చారలుగా కనిపిస్తోందని పల్సుల వేగాన్ని 10 కిలో హెర్ట్జ్‌కు పెంచితే, 100 మైక్రోసెకన్ల ఆవృతిలో 60 ఆన్ కావడానికే పోతాయి, మాస్‌ఫెట్ మళ్ళీ ఆ సగం స్థితిలోనే ఎక్కువ సేపు గడుపుతుంది. అలా పెంచదలచినవారు గేట్ ముందు ఒక బీసీ547, ఒక బీసీ557 జతగా పెట్టి, అవి గేట్‌ను రెండు వైపులా బలంగా లాగేలా చేసుకోవాలి. నేను 200 దగ్గరే ఉంచాను.